వేపకొమ్మల ఇంటికి రెండు రోజుల దారి

బెంగుళూరు బస్సులో శంషాబాద్ మీదుగా మీలో చాలామంది వెళ్ళే ఉంటారు. కానీ అక్కడ దిగి ఉండరు. దిగడానికి అక్కడేముందని నేనూ అనుకునేదాన్ని. పోయిన మార్చిలో దిగాల్సి వచ్చింది. దిగినందుకు ఇప్పటికీ పొంగిపోతూనే ఉన్నాను, అందుకే ఈ రాత.

నేను హైదరాబాదులో ఒక పెద్ద ఆసుపత్రిలో, పిల్లల క్యాన్సర్ వార్డులో పరిశోధన చేసే డాక్టర్ని. క్యాన్సర్‌ని చంపే మందుల మీద కాదు నా పని, ఆ మందులు పడ్డాక పిల్లల్ని నిలబెట్టుకోవడం మీద. ఆ మందులు రోగంతోపాటు రక్తంలోని తెల్లకణాలనీ ఊడ్చేస్తాయి. ఒక వారం పదిరోజులపాటు పిల్లకు కాపలా ఉండదు. ఎవరో దగ్గితే చాలు, ఎవరో కడగని చేత్తో బుగ్గ గిల్లితే చాలు, జ్వరం పట్టుకుంటుంది. క్యాన్సర్‌ని గెలిచిన పిల్లలు జ్వరానికి ఓడిపోవడం నా కళ్ళతో చూశాను. చూసిన ప్రతిసారీ ఇంటికెళ్ళి తలుపేసుకుని ఏడ్చాను.

అందుకని, ఇంటికి పంపే ప్రతి కుటుంబానికీ ఒక థర్మామీటరు, జ్వరం రాసుకోవడానికి గళ్ళ కాగితం, చదువుకోవడానికి ఒక కరపత్రం ఇచ్చేదాన్ని. కరపత్రం నా స్వహస్త రచన. "రోగనిరోధక శక్తి సన్నగిల్లిన తరుణమున జనసమ్మర్దమునకు దూరముగా..." అని మొదలవుతుంది. హైస్కూల్లో వ్యాసరచనలో ఫస్టు ప్రైజు వచ్చిన చెయ్యి మరి! గళ్ళ కాగితాలు మాత్రం వెళ్ళినవి వెళ్ళినట్టే ఖాళీగా తిరిగొచ్చేవి. ఒకమ్మ అయితే థర్మామీటరుకి కుంకుమబొట్టు పెట్టి దేవుడి గూట్లో ఉంచింది. దవాఖానవాళ్ళిచ్చిన వస్తువు, పగిలితే ఎట్లా అని.

రాలేదు

మంజులకి ఏడేళ్ళు. రక్తపు క్యాన్సర్. మూడు విడతల మందులకి రోగం బాగా లొంగింది. నాలుగో విడత అయ్యాక ఇంటికి పంపాం. రమ్మన్న సోమవారం రాలేదు. ఆపైన తొమ్మిది రోజులు గడిచాయి. మధ్యలో వైద్యం ఆగితే ఆ రోగం తిరిగొస్తుంది, రెండోసారి వచ్చినప్పుడు మొదటిసారిలా లొంగదు.

మా పెద్ద డాక్టరుగారు రిజిస్టరు ముందుకి లాక్కుని మంజుల పేరు పక్కన "రాలేదు" అని రాశారు. "వాళ్ళింక రారమ్మా" అన్నారు. ఆయన చెడ్డవారు కాదు. ఎంతోమందిని చూసి చూసి అలా అయిపోయారు. ఆయనతో నాకున్న పేచీ ఇంకొకటి. తెల్లకణాలు పడిపోయిన పిల్లల్ని ఉంచే చివరిగదికి నేను పెద్ద బోర్డు రాయించి పెట్టాను, చెప్పులు విడిచి చేతులు కడిగి రావాలని. ఆయన పన్నెండుమంది విద్యార్థుల్ని వెంటేసుకుని, బూట్లు టకటకలాడిస్తూ, ఆ బోర్డు కిందనుంచే దూసుకొచ్చేవారు.

"రెండు రోజులివ్వండి సార్, వెతికి తీసుకొస్తాను" అన్నాను.

"వెళ్ళు. దొరకరు" అన్నారు.

ఆ రెండో మాటకి నాకు ఒళ్ళు మండింది. మరునాడు పొద్దున్నే బయల్దేరాను. తోడు మా వార్డు నర్సు సుగుణ. ఆమెది శంషాబాదే.

జల్‌పల్లి

ఫైల్లో ఉన్న అడ్రసు జల్‌పల్లిలో కంకరమిల్లు పక్కన అద్దెగది. బస్సు దిగి నడుస్తుంటే పళ్ళ మధ్య కూడా రాతిపొడి కరకరలాడింది. పది అడుగులు వేశానో లేదో నా చెప్పు ఉంగటం తెగింది. పిన్నీసు పెట్టి ఈడ్చుకుంటూ వెళ్ళాను. గదికి తాళం.

పక్కింటావిడ చేటలో బియ్యం చెరుగుతూ మమ్మల్ని ఎగాదిగా చూసింది. "ఓటు కాయితాలోళ్ళా?"

"కాదక్కా, దవాఖాన నుంచి వచ్చినం" అంది సుగుణ.

ఆవిడ చేట కింద పెట్టేసింది. "దవాఖానోళ్ళు ఇంటికి గూడ వస్తరా! ఏం కాలమొచ్చింది! జర కూసోండ్రి, చాయ్ పెడ్త." వద్దన్నా వినలేదు. మా గుంటూరు వైపు ముందు మంచినీళ్ళిచ్చి, ఆ తర్వాత ఊరూ పేరూ అడిగి, అప్పుడు కాఫీ సంగతి చూస్తారు. ఇక్కడ చాయ్ చేతిలో పడ్డాకే ఏ మాటైనా. పాలలోనే మరిగించిన చిక్కటి చాయ్, చక్కెర రెండు చెంచాలు ఎక్కువే. చాయ్ తాగుతుండగా చెప్పింది. మంజుల తండ్రి మల్లేశ్ గది ఖాళీ చేసి రెండు నెలలయిందట. "శంషాబాద్ దిక్కు అంగూర్ తోటల పనికి పోయిండు."

శంషాబాద్, మూడో మల్లేశ్

శంషాబాద్ దగ్గర పడుతుంటే రోడ్డుకి రెండువైపులా ద్రాక్షపందిళ్ళే. అంతవరకూ ద్రాక్ష బండి మీదే కాస్తుందనుకునే మనిషిని నేను. పందిరి కిందకి వెళ్తే బయట ఎండ ఉన్న సంగతే మర్చిపోతాం. తలకి తగిలేంత కిందకి గుత్తులు వేలాడుతుంటాయి. తోట దగ్గర కిలో ఎనిమిది రూపాయలు. అదే పండు మా ఆసుపత్రి గేటు దగ్గర పదహారు.

"ఇక్కడ మల్లేశ్ అని పనిచేస్తాడా?" అని మొదటి తోటలో అడిగితే యాభైఏళ్ళాయన తలపాగా సర్దుకుంటూ వచ్చాడు. రెండో తోటలో మల్లేశ్‌కి ఇంకా మీసాలే రాలేదు. మావైపు రోడ్డు మీద "సుబ్బారావుగారూ" అని కేకేస్తే నలుగురు తిరిగి చూస్తారు. ఇక్కడ మల్లేశ్‌లు అంతే. మా మల్లేశ్ మూడో తోటలో, గంపల్లో కాగితం పరిచి గుత్తులు సర్దుతూ దొరికాడు. నన్ను చూడగానే చేతిలో గుత్తి జారిపోయింది.

"మేడమ్! మీరిక్కడికి వచ్చిన్రేంది?"

"మంజుల ఏది?"

"మా అత్త ఊర్ల ఉన్నది మేడమ్, కందుకూరు దిక్కు. నా భార్య చంటిపిల్లతోని నా దగ్గరున్నది. మంజులను మా అత్తనే సూసుకుంటది." అతను తల దించుకున్నాడు. "మొన్న సూడనీకి పోయిన. మా అత్త గడప తొక్కనియ్యలే. దర్వాజకు యాపకొమ్మలు కట్టింది. ఊర్ల అమ్మవారు పోసిందంట. నేను బయటికెల్లే తిరిగొచ్చిన."

గుమ్మానికి వేపకొమ్మలంటే ఏమిటో నాకు ఒకరు చెప్పక్కర్లేదు. చిన్నప్పుడు నాకు అమ్మవారు పోసినప్పుడు మా నాయనమ్మా అలాగే కట్టింది. ఆ ఇంటికి ఎవరూ రారు, ఆ పిల్లకి మందు వెయ్యరు, తల్లి చల్లబడేదాకా ఆగుతారు. మామూలు పిల్లలు లేచి ఆడుకుంటారు. తెల్లకణాలు లేని పిల్ల తట్టుకోలేదు. మంజులకి అమ్మవారు పోసి, మందు లేకుండా ఇంట్లో పడి ఉందనే నాకు అర్థమైంది.

అప్పటికి సాయంత్రం అయిదయింది. ఆ వైపు వెళ్ళే బస్సు ఇక పొద్దున్నేనని మల్లేశ్ చెప్పాడు. వద్దంటున్నా నా సంచిలో రెండు గుత్తులు పెట్టాడు. "మా అత్తను తిట్టకుండ్రి మేడమ్" అన్నాడు.

సుగుణ వాళ్ళమ్మ వంట

ఆ పూట సుగుణ ఇంట్లో ఆగాం. ఉందానగర్ స్టేషన్‌కి దగ్గర్లో పెంకుటిల్లు. గోడ మీద సిలువ, దాని కింద క్యాలెండరు. వాళ్ళమ్మ పొయ్యిముందు కూర్చుని జొన్నరొట్టెలు అరచేతులతో తడుతోంది, చప్పట్లు కొట్టినంత లయగా. రొట్టెతోపాటు పచ్చిపులుసు పోసింది. చింతపండు రసం, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కాల్చిన నువ్వుల పొడి. పొయ్యి ఎక్కించనే లేదు. "మా ఇళ్ళలో పులుసంటే మరగాల్సిందేనండీ" అన్నాను, మా ప్రాంతం పరువు నిలబెడుతున్నట్టు. "మరిగిస్తే గది పచ్చిపులుసు ఎట్లయితది బిడ్డా?" అని ఆమె నవ్వింది. న్యాయమే.

తినేముందు కళ్ళు మూసుకుని ప్రార్థన చేసింది. మంజుల పేరు పెట్టి చేసింది. మా ముగ్గురిలో ఆ పిల్లని ఎన్నడూ చూడనిది ఆమె ఒక్కతే. నాకు ముద్ద దిగలేదు. దిగకపోగా నోరు లేచింది. వార్డులో ప్రతిసారీ మంజుల పక్కనే ఉన్న వాళ్ళమ్మమ్మ బాలమ్మకి నేను ఎన్నిసార్లు చెప్పాను, ఎంత చెప్పినా వీళ్ళింతే అని ఏకరువు పెట్టాను.

సుగుణ నా కంచంలో ఇంకో రొట్టె వేసింది. "బాలమ్మ గట్లాంటి మనిషి కాదు మేడమ్. వార్డుల మీరు జెప్పిన మాట ఒక్కటి మర్వలే. ముందు పోయి సూద్దాం, మల్ల తిడుదురు."

కందుకూరు దారి

మరునాడు బస్సులో సగం పెళ్ళివాళ్ళు, సగం మేకలు. డోలు వాయించేవాళ్ళు పైన ఎక్కారు. ఇంకో రోజయితే ఆ ప్రయాణం గురించే పది పేజీలు రాసేదాన్ని. ఆ రోజు కిటికీలోంచి జొన్నచేలు కనిపించాయి తప్ప ఏమీ గుర్తులేదు. "ఇంకా ఎంతసేపు?" అని కండక్టర్ని ఎన్నిసార్లు అడిగానో, చివరికి అతనే నన్ను చూసి ముఖం తిప్పుకున్నాడు.

కందుకూరులో దిగి, ఊరికి ఎట్లా వెళ్ళాలని అడుగుతుంటే యూరియా బస్తాలు దింపుతున్న ట్రాక్టరతను విన్నాడు. "బాలమ్మ ఇంటికా? ఎక్కుండ్రి. నేను గూడ గాడికే పోవాలె. పది దినాల సంది ఈ బండి బాలమ్మదే."

ఆ మాటకి అర్థమేమిటో అడిగే స్థిమితం నాకు లేదు. తెగిన చెప్పు చేత్తో పట్టుకుని ఎక్కాను.

గడప ఇవతల

ఊరి చివరి ఇల్లు. గుమ్మానికి అటూ ఇటూ వేపకొమ్మలు, పచ్చగా, అప్పుడే మార్చినవి. నేను పరుగెత్తాను.

"ఆడనే ఆగు!"

గడపలో బాలమ్మ. వార్డులో నేల మీద ముడుచుకు పడుకునే మనిషి ఇక్కడ గుమ్మం మొత్తం తానే అయి నిలబడింది.

"అవ్వా, నేను! డాక్టర్ని!"

"ఎర్కనే. డాక్టరమ్మవైతేంది? బస్సుల కూసోని వచ్చినవ్ గద! చేతులు కాళ్ళు కడుక్కోని రా."

పక్కన బిందె, చెంబు. గూటానికి తాడు కట్టి ఎర్రసబ్బు ముక్క వేలాడదీసి ఉంది. నేను చేతులు కడిగాను. నా గోళ్ళు తిప్పి తిప్పి చూసి "ఇంకొక్కపారి" అంది. మళ్ళీ కడిగాను. నా పదేళ్ళ వైద్యంలో నన్నెవరూ అలా నిలబెట్టలేదు. సుగుణ వెనకనుంచి నవ్వు ఆపుకుంటోంది.

లోపల మంజుల ఉతికిన దుప్పటి మీద కూర్చుని గచ్చకాయలాడుతోంది. గుండు మీద మెత్తగా వెంట్రుకలు మొలుస్తున్నాయి. "డాక్టరమ్మా, నీ చెప్పు తెగింది" అంది, అదే మొదటి మాట.

వీపు చూశాను. పొట్ట చూశాను. చంకలు, చెవుల వెనక, అరికాళ్ళు. నోరు తెరవమంటే బారెడు తెరిచింది. "దినాం నాలుగుసార్లు ఉప్పునీళ్ళు పుక్కిలిస్తున్న" అంది గొప్పగా. అంగిట్లో ఒక్క పుండు లేదు. ఒంటి మీద ఒక్క పొక్కు లేదు. నేలమీదే చతికిలబడ్డాను.

"మరి అమ్మవారేది అవ్వా?"

"మా ఇంటికి రాలే. వెనక వాడకట్టుల రెండిండ్లకు వచ్చింది."

"మరి ఈ కొమ్మలు?"

బాలమ్మ నా ఎదురుగా కూర్చుంది. "నువ్వేమన్నవ్? మందు పడ్డంక పది దినాలు ఎవ్వర్ని దగ్గరికి రానియ్యకన్నవ్. నేను గదే జెప్పిన. ఎవరింటరు? పిల్ల దవాఖానకెల్లి బతికొచ్చిందని ఊరంత సూడనీకొచ్చిన్రు. ఒకామె ముద్దు పెట్టె. ఒకాయన దగ్గుకుంట మంచంల కూసునె. పొమ్మంటే నాకు పొగరన్నరు. నీ కాయితం సూపిచ్చిన. సదువొచ్చినోడు గూడ రెండు లైన్లు సదివి మడ్తపెట్టి ఇచ్చిండు." నేను తల వంచుకున్నాను. ఫస్టు ప్రైజు! "ఇగ ఏం జెయ్యాలె? యాపకొమ్మలు కట్టిన. మల్ల ఒక్కరు గడప తొక్కలే. అల్లుడు గూడ."

డాక్టరు మాట వినని ఊరు కొమ్మ మాట విన్నది. నేను రెండేళ్ళుగా బోర్డులతో సాధించలేనిది ఆమె నాలుగు రెమ్మలతో సాధించింది. సోమవారం ఎందుకు రాలేదని అడిగితే కసిరింది కూడా. "వెనకింటోళ్ళు అమ్మవారు పోసిన పోరగాన్ని సంకల వెట్టుకోని గదే బస్సుల పోతున్రు. గా బస్సుల నా పిల్లను ఎక్కిచ్చాల్నా? పది దినాలు దాటినంక పట్టుకొస్తమని పంతులుతోని కార్డు రాపిచ్చిన గద!" (ఆ కార్డు మేం తిరిగొచ్చిన నాలుగు రోజులకి వచ్చింది. మీద "డాక్టరమ్మ గారికి, పెద్ద దవాఖాన" అని మాత్రమే ఉంది.)

ఇంతసేపూ పులిలా ఉన్న మనిషి అప్పుడు గొంతు తగ్గించింది. "బిడ్డా, ఒక్కటి అడుగుత. రాని తల్లిని వచ్చిందని అబద్ధమాడిన. పాపమైతదా? గా కోపం పిల్ల మీద పడ్తదా?" ఈ పది రోజులూ ఆమె ఆ భయాన్ని ఒక్కతే మోసింది.

మెడలో సిలువగొలుసు ఉన్న సుగుణ ఆమె చేతులు పట్టుకుంది. "తల్లి పేరు జెప్పి బిడ్డను కాపాడినవ్. ఏ తల్లికి కోపమొస్తది అవ్వా?"

బాలమ్మ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను, ఈసారి తలుపేసుకోకుండా.

గోడ

"జ్వరం కొలిచావా అవ్వా?" అని ఆశ లేకుండానే అడిగాను.

నన్ను ఇంటి పక్కకి తీసుకెళ్ళింది. సున్నం వేసిన గోడ. కిటికీ పక్కన బొగ్గుతో రాసిన అంకెలు, వరసగా, పైనుంచి కిందికి. ఊళ్ళో బడిపంతులు పొద్దున బడికి వెళ్తూ ఒకసారి, సాయంత్రం తిరిగొస్తూ ఒకసారి ఆ కిటికీ దగ్గర ఆగేవాడట. బాలమ్మ లోపల థర్మామీటరు పెట్టి తీసి, చువ్వల మధ్యనుంచి చూపించేది. ఆయన బయటే నిలబడి చదివి గోడ మీద రాసేవాడు. చదువు రాని బాలమ్మ పొద్దుటి అంకెకి నిండు సున్నా, సాయంత్రపు అంకెకి అరసున్నా గీసుకుంది. ఒక్క పూట తప్పలేదు. ఒకచోట మాత్రం ఇంటూ గుర్తు ఉంది, పక్కన తొంభైతొమ్మిదిన్నర.

"గా దినం జర ఎచ్చగుండె. పంతులును బడికి పోనియ్యలే, గంట గంటకు సదివిపిచ్చిన. నూరు దాటితే దవాఖానకు ఉరకాలె అన్నవ్ గద? ట్రాక్టర్‌ను గందుకే మాట్లాడి పెట్టుకున్న. కొలిచే అక్కెర తీరేదాంక ఊరు దాటి పోవద్దన్న, పోతే కందుకూరు దాంకనే."

ఆ గోడ ముందు నిలబడి గట్టిగా నవ్వాను. నేను అచ్చు వేయించిన గళ్ళ కాగితాలు అందరి ఇళ్ళలోనూ ఖాళీ. నా పరిశోధనకి కావలసినదంతా, పూట తప్పకుండా, ఈ గోడ మీద ఉంది. నోటుబుక్కు తీసి అంకె అంకె ఎక్కించుకున్నాను. బాలమ్మ వేడివేడి జొన్నగట్క (మావైపు సంకటి లాంటిది), పప్పు పెట్టింది. నిన్నటి ఆకలి కూడా కలిపి తిన్నాను.

పిల్లని బస్సెక్కించనని బాలమ్మ ముందే చెప్పేసింది. కాబట్టి ట్రాక్టరులోనే బయల్దేరాం. ట్రాలీలో గడ్డి, దాని మీద ఉతికిన దుప్పటి, పైన చీర పందిరి. తుక్కుగూడ దాటాక మంజుల పాట మొదలుపెట్టింది. జల్‌పల్లి మలుపు దగ్గర నిన్న చాయ్ ఇచ్చినావిడ ఇంటికి వెళ్ళే రోడ్డుకేసి చెయ్యి ఊపాను, ఆవిడకి కనపడదని తెలిసీ. మా ఆసుపత్రి గేటులోకి ట్రాక్టరు వెళ్ళిన సంఘటన అదొక్కటే అనుకుంటాను. వాచ్‌మన్ ఆపబోతే "జరుగు!" అని ముందుగా అరిచింది నేనే. అప్పటికే నాకు ఆ భాష వచ్చేసింది.

తిరిగి వార్డుకి

మంజుల రక్తపరీక్షలో తెల్లకణాలు చక్కగా తిరిగొచ్చాయి. ఆ వారమే అయిదో విడత మొదలైంది.

పెద్ద డాక్టరుగారికి కొమ్మలూ చెంబూ సహా జరిగిందంతా చెప్పాను. ఆయన నా నోటుబుక్కు రెండుసార్లు చదివారు. "ఇది నువ్వు ఎక్కించుకున్నది. అసలు చార్టు ఏదమ్మా? పరిశోధనకి అసలుది కావాలి."

"గోడ మీద ఉంది సార్. తేవడానికి కుదరలేదు."

ఆయన నవ్వడం నేను చూడటం అదే మొదటిసారి. రిజిస్టరు తెప్పించి, "రాలేదు" మీద తన పెన్నుతోనే గీతకొట్టి "వచ్చింది" అని రాశారు.

నా కరపత్రాలు చెత్తబుట్టలో వేశాను. ఇప్పుడు బాలమ్మ చెప్పిన మాటలే రాసి ఇస్తున్నాం. అమ్మవారు పోసిన ఇంటిని ఎట్లా చూసుకుంటారో, మందు పడ్డాక పది రోజులు పిల్లని అట్లా చూసుకోండి, జ్వరం నూరు దాటితే మాత్రం ఒక్క క్షణం ఆగకుండా మా దగ్గరికి రండి, అని. కొమ్మ కట్టని ఇళ్ళవాళ్ళకి సుగుణ వాళ్ళ తీరులో చెబుతుంది. కాగితాలు నిండి తిరిగొస్తున్నాయి. కొన్ని బొగ్గుతో.

అయిదో విడత మందులు పడి, మంజులని చివరిగదిలోకి మార్చిన మరునాటి పొద్దున, నా బోర్డు కింద ఆసుపత్రి పెరట్లోని వేపకొమ్మ వేలాడుతోంది. ఎవరు కట్టారని నేను అడగలేదు. అంతలో రౌండ్సు. టకటకమని బూట్లు, వెనక పన్నెండుమంది. పెద్ద డాక్టరుగారు గుమ్మం దాకా వచ్చి ఠక్కున ఆగిపోయారు. వెనకవాళ్ళు ఒకరినొకరు గుద్దుకున్నారు. ఆయన కొమ్మ వైపు చూశారు, తన బూట్ల వైపు చూశారు.

"ఆడనే ఆగు సారూ" అంది లోపలినుంచి బాలమ్మ.

ఆయన వంగి, బూట్ల లేసులు విప్పి, బూట్లు గోడవారగా పెట్టారు. సూటు చేతులు మోచేతుల దాకా మడుచుకుని నా వైపు తిరిగారు.

"చెంబెక్కడ డాక్టరమ్మా?"